నూనె, ద్రాక్షరసము ఎక్కడ పోయాలి?



మేము దంపతులము బాపట్ల ప్రాంతములోని ఒక పల్లె సంఘములో పరిచర్య చేస్తున్నాము. ఈ పత్రికలో సాక్ష్యము వ్రాసేవారు ప్రభువు తమ ద్వారా చేసిన మేలును గూర్చి వ్రాస్తారు. మేము మాత్రము ఈ నెల మా చేతుల మీదుగా జరిగిన ఒక కీడును గూర్చి వ్రాయవలసి వచ్చింది. దానిని దాచుకుంటే మరొక ఊరిలో మరొక కాపరి, మావలెనే మంచి మనస్సుతోనే, అదే పని చేయవచ్చును. అందుకే సిగ్గు విడిచి వ్రాస్తున్నాము.

2023 జూలైలో మా సంఘములోని ఒక యవ్వనస్థుడు పొరుగూరి నుండి బండి మీద వస్తూ, చీకటిలో నిలిపి ఉన్న ట్రాక్టరు ట్రక్కుకు గుద్దుకుని పడిపోయాడు. వయస్సు 26. తలకు హెల్మెట్ లేదు. తండ్రి లేడు. తల్లి కూలికి వెళ్ళి ఇద్దరు బిడ్డలను పెంచుకున్నది. చెల్లెలు డిగ్రీ మొదటి సంవత్సరము చదువుతున్నది. పట్టణములోని ఆసుపత్రిలో వెంటిలేటరు మీద పెట్టారు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించాము. రెండు వారములు దాటినా నోటిలోని గొట్టము తీయలేకపోయారు. అప్పుడు డాక్టరుగారు మెడ ముందు భాగమున, గొంతుముడికి క్రిందుగా చిన్న రంధ్రము చేసి, అందులో నుండి శ్వాసనాళములోనికి ఒక వంకర గొట్టము అమర్చారు. దీనినే ట్రాకియాస్టమీ అంటారు. ప్రభువు కృపచేత కొన్నాళ్ళకు వెంటిలేటరు తీసివేశారు. స్పృహ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు బలహీనముగా ఉన్నవి. మ్రింగే శక్తి రాలేదు. అందుచేత మెడలో ఒక గొట్టము, ఆహారము కొరకు ముక్కులో మరొక గొట్టము ఉండగానే సెప్టెంబరులో ఇంటికి పంపించారు.

ఇంటికి వచ్చేముందు నర్సు ఒకరు తల్లికి, చెల్లెలికి ఒకసారి అన్నీ చూపించారట. వార్డు నిండా రోగులు, ఆమెకు క్షణము తీరిక లేదు. పది నిమిషములలో చెప్పవలసినదంతా చెప్పి, “ఈ గొట్టానికి కఫ్ ఉందమ్మా, చూసుకోండి” అన్నారట. ఆ తల్లి మాతో, “కఫం ఉందన్నారయ్యగారూ, మిరియాల కషాయం పోయమంటారా?” అని అడిగింది. మేమూ కఫమే అనుకున్నాము! గొట్టము చివర బుడగవంటి భాగము ఒకటి ఉంటుందనీ, దానిలో గాలి నింపితే శ్వాసనాళమునకు గొట్టమునకు మధ్య సందు మూసుకుంటుందనీ, దానినే కఫ్ అంటారనీ మాకు రెండు నెలల తరువాత తెలిసింది. ఒక్క మాట సగము అర్థమైతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. అదృష్టవశాత్తు అనము, దేవుని కాపుదల చేత ఆ కషాయము పోయలేదు.

అయితే మేము వేరొకటి పోశాము.

అక్టోబరు మొదటి ఆదివారము సంస్కారపు ఆరాధన ముగించుకొని, పెద్దలతోను యవ్వనస్థులతోను కలిసి ఆ ఇంటికి వెళ్ళాము. చిన్న గది. దాదాపు ముప్పది మందిమి లోపల నిండిపోయాము. పాట పాడాము, వాక్యము చదివాము. నూనె రాసి ప్రార్థించాము. నుదుట రాసిన తరువాత ఒక పెద్దాయన ఆసక్తి కొద్దీ, నొప్పి ఉన్న చోటనే రాయాలని, మెడలోని గొట్టము చుట్టూ కూడా నూనె రాశాడు. మేము ఆమేన్ అన్నామే గాని ఆపలేదు. పిమ్మట ఆ బిడ్డ కన్నులు మా చేతిలోని పళ్ళెము మీదనే ఉన్నవని గమనించాము. మూడు నెలలుగా ప్రభువు బల్లకు దూరమైనవాడు. మా మనస్సు కరిగిపోయింది. రొట్టె ముక్కను ద్రాక్షరసములో తడిపి నాలుక మీద పెట్టాము. గిన్నెలోని రసము కూడా కొంచెము పోశాము.

క్షణములో దగ్గు తెర వచ్చింది. మెడలోని గొట్టములో నుండి ఎర్రని రసము చిమ్మింది. మొదట రక్తమనుకున్నాము. పెదవులు నల్లబడ్డాయి. తల్లి నేల మీద పడిపోయింది. మేమందరము గొంతెత్తి ప్రార్థించడము మొదలుపెట్టాము. ప్రార్థించడము తప్పు కాదు. కాని ఆ గదిలో గాలి లేకుండా నిలబడి, మంచము దగ్గరకు ఎవరూ రాలేనట్లు చుట్టుముట్టి ప్రార్థించాము. ఆ చిన్న చెల్లెలు మా మధ్యలో నుండి మోచేతులతో త్రోవ చేసుకొని, “జరగండయ్యగారూ!” అని అరిచి, సక్షన్ మిషను వేసి, ఆసుపత్రిలో ఒక్కసారి చూచినది జ్ఞాపకము చేసుకొని, గొట్టములోని రసమును లాగివేసింది. ఊపిరి వచ్చింది. 108 వచ్చింది. ఊపిరితిత్తులకు జబ్బు చేసి ఎనిమిది రోజులు మరల ఆసుపత్రిలో ఉన్నాడు.

అక్కడ డాక్టరుగారు, “నోట్లో ఎవరు పెట్టారు?” అని అడిగారు. ఆ తల్లి తల వంచుకొని మాట్లాడలేదు. కాపరిని పట్టి ఇవ్వడము ఆమెకు ఇష్టము లేదు. “మేమేనండీ” అన్నాము. ఆయన మమ్మును తిట్టలేదు. తిడితే కొంత తేలికగా ఉండేది. “ప్రార్థన మానమని నేను చెప్పను. నోట్లో మాత్రం ఏదీ పెట్టకండి. మ్రింగడం వస్తే మేమే చెబుతాం” అన్నారు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మేము ఒకరితో ఒకరము మాట్లాడుకోలేదు. మంచి సమరయుని ఉపమానము మేము ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఆ సమరయుడు కూడా నూనె, ద్రాక్షరసమే పోశాడు. అయితే గాయము మీద పోశాడు, తరువాత కట్టు కట్టాడు. అతనికి ఆ పని తెలుసు. మేమో అదే నూనెను, అదే ద్రాక్షరసమును ఒక మనిషి ఊపిరి పీల్చే దారిలో పోశాము. జాలి అతనికి ఉన్నది, మాకూ ఉన్నది. లేనిది తెలివి. వేదాంత కళాశాలలో ఆత్మను గూర్చి, శరీరమును గూర్చి ఎన్నో పాఠములు చదివాము గాని, శ్వాసనాళము ముందు, అన్ననాళము వెనుక ఉంటాయన్న చిన్న సంగతి చదవలేదు.

మా సంఘములో పుట్టి పెరిగిన ఒక సహోదరి ఇంగ్లండులో నర్సుగా పని చేస్తున్నది. సంగతి విని ఫోను చేసింది. మేము ఆమెకు మా తప్పు చెప్పుకొని, “అమ్మా, మేము కాపరులముగా ఉండదగమా?” అని అడిగాము. ఆమె చెప్పిన మాట మమ్మును ఓదార్చింది, సిగ్గుపడేటట్లు కూడ చేసింది.

“అయ్యగారూ, మీరు పల్లెలో తెలియక చేశారు. ఇక్కడ పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో తెలిసినవాళ్ళ చేతుల్లోనే ప్రాణాలు పోయాయి. అందుకే వాళ్ళు మళ్ళీ బడికి వెళ్ళారు. మనమూ వెళ్దాం” అన్నది.

ఆమె వివరించిన సంగతి ఇది. ఊపిరి మార్గమునకు సంబంధించిన ప్రమాదములను బ్రిటనులోని మత్తు వైద్యులు దేశమంతటా పరిశీలించి 2011లో ఒక నివేదిక ప్రచురించారు. మెడలోని గొట్టము స్థానము తప్పడము వలన ఇంటెన్సివ్ కేర్ విభాగములలోనే మరణములు, తీరని హాని కలిగినట్లు దానిలో తేలింది. నేషనల్ ట్రాకియాస్టమీ సేఫ్టీ ప్రాజెక్టు అనే పేరుతో పని చేస్తున్న వైద్యులు, నర్సులు, చికిత్సకులు 2012లో, ఇట్టి అపాయము వచ్చినప్పుడు ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి అన్నది వరుసగా వ్రాసి ప్రకటించారు. దానిని అందరూ నేర్చుకొనేటట్లు ఇంటర్నెట్టులో పాఠములు, బొమ్మలు, వీడియోలు ఉంచారు. 2014లో మరొక పెద్ద పరిశీలన కూడ వెలువడింది. మంచము తలవైపున పెట్టుకొనుటకు వారు రెండు రకముల కార్డులు తయారు చేశారు. పచ్చ కార్డు ఉంటే, మెడలో రంధ్రమున్నా నోటి నుండి, ముక్కు నుండి కూడ ఊపిరితిత్తులకు మార్గము ఉండవచ్చును. ఎర్ర కార్డు ఉంటే, స్వరపేటిక పూర్తిగా తీసివేయబడినది, మెడలోని రంధ్రమే ఏకైక మార్గము. ఆ రెండవ మనిషికి నోటి మీద ఎంత ప్రాణవాయువు పెట్టినా ఊపిరితిత్తులకు చేరదు. రెండూ పైకి ఒకేలాగ కనబడతాయి. తేడా తెలియని ప్రేమ అక్కడ పనికిరాదు.

“ఏళ్ళ తరబడి వార్డులో ఉన్న మేము కూడా ఈ పాఠాలు మళ్ళీ మళ్ళీ చదువుతాం అయ్యగారూ. డాక్టర్లూ చదువుతారు” అన్నది ఆ సహోదరి. ఆ మాట మాకు ముల్లువలె గుచ్చుకున్నది. డాక్టరు విద్యార్థి కాగలిగితే కాపరి కాలేడా?

ఇక్కడ మరొక ఒప్పుకోలు కూడ చేయాలి. సెల్‌ఫోను సాతాను చేతి పనిముట్టు అని మేము ఎన్నో ఆదివారములు బోధించాము. దానిలో చెడుగు లేదని ఇప్పుడు కూడ అనము. కాని ఏ పనిముట్టు అయినా ఎవరి చేతిలో ఉన్నదో, ఏమి పని చేస్తున్నదో చూడాలి గదా!

అక్టోబరు నెలాఖరు నుండి ఆరు వారములు, ప్రతి ఆదివారము రాత్రి 8 గంటలకు ఆ ఇంటిలోనే తరగతి జరిగింది. ఆమెకు అప్పుడు మధ్యాహ్నము. ఒక ఫోనును బియ్యపు డబ్బాకు ఆనించి నిలబెట్టేవారము. తల్లి, చెల్లెలు, మేము ఇద్దరము, యవ్వనస్థులలో ఇద్దరు, మా ఊరి ఆశా కార్యకర్త, వెరసి ఏడుగురము విద్యార్థులము. పాఠములు ఇంగ్లీషులో ఉన్నవి. ఆమె బొమ్మ చూపించి, ఆపి, తెలుగులో చెప్పి, మా చేత తిరిగి చెప్పించేది. ఎనిమిదవ తరగతితో చదువు ఆగిపోయిన ఆ తల్లి మా కంటె ముందుగా జవాబు చెప్పేది. బిడ్డ ప్రాణము ఆమెకు పాఠ్యపుస్తకము.

మొదటి వారము, మనము ముక్కుతో ఎందుకు పీలుస్తామో నేర్చుకున్నాము. ముక్కు గాలిని వెచ్చచేస్తుంది, తడిచేస్తుంది, దుమ్మును వడకడుతుంది. మెడ నుండి పీల్చేవానికి ఆ మేలు లేదు. పొడి గాలి నేరుగా లోపలికి పోతే కఫము చిక్కబడి, గట్టిపడి, గొట్టమునకు బిరడాలాగ అడ్డుపడుతుంది. అందుకే గొట్టము ముందు తడిని పట్టి ఉంచే చిన్న పరికరమును అమర్చుతారు. దానిని కృత్రిమమైన ముక్కు అనవచ్చును. ఆ రోజు నుండి ఆ ఇంటిలో పొయ్యి పెరటిలోనికి మారింది. మిరపకాయల పోపు ఘాటు, దోమల కొరకు వేసే పొగ, ముఖానికి వేసే పౌడరు, అన్నీ ఆ గదికి దూరమైనవి. నూనె సంగతి వేరే చెప్పనక్కరలేదు. నూనె బొట్టు ఊపిరితిత్తులలోనికి దిగితే జబ్బు చేస్తుందని విన్నప్పుడు మా పెద్దాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు.

రెండవ వారము, మూడవ వారము కఫము లాగే పద్ధతి. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. లాగే సన్నగొట్టము లావు, మెడ గొట్టము లోపలి వెడల్పులో సగమునకు మించకూడదు. లోపలికి పంపేటప్పుడు పీల్చకూడదు, బయటకు తీసేటప్పుడే పీల్చాలి. ఒక్కసారికి 10 సెకన్లు దాటకూడదు, ఎందుకంటే కఫముతో పాటు గాలిని కూడ లాగివేస్తున్నాము. “మీరూ ఊపిరి బిగబట్టి లాగండి, మీకు ఎప్పుడు ఉక్కిరి అయితే ఆయనకూ అప్పుడే అవుతుంది” అని ఆమె చెప్పినప్పుడు, ఎదుటివాని శ్రమలో పాలు పొందుట అంటే ఏమిటో మాకు ఏ వ్యాఖ్యానగ్రంథము చెప్పనంత బాగా అర్థమైంది.

నాలుగవ వారము లోపలి గొట్టము. ఈ బిడ్డకు అమర్చినది రెండు పొరల గొట్టము. లోపలిది తీసి, కడిగి, మరల పెట్టవచ్చును. ఊపిరి అందకపోతే ముందు దానిని తీయాలి. చాలాసార్లు అడ్డు దానిలోనే ఉంటుంది. అయిదవ వారము, బయటి గొట్టమే ఊడి వస్తే ఏమి చేయాలి, మంచము దగ్గర ఏమేమి ఉండాలి: అదే కొలత గొట్టము ఒకటి, ఒక కొలత చిన్నది ఒకటి, సక్షన్ మిషను, కరెంటు లేకపోతే కాలితో త్రొక్కే సక్షన్, టార్చిలైటు. మెడకు కట్టే పట్టీ క్రింద వ్రేలు దూరేంత వదులు ఉండాలి. ఆరవ వారము మ్రింగుట, మాట్లాడుట.

మా వాళ్ళు శీతలపానీయపు ప్లాస్టిక్ సీసాకు రంధ్రము చేసి, దానిని మనిషి మెడ అనుకొని అభ్యాసము చేశారు. అయినా ఆ సహోదరి మొదటి రోజే ఒక షరతు పెట్టింది. “ఫోనులో చూసి ఈత నేర్చుకున్నానని చెరువులో దూకకండి. నేను చూపించింది మీ ఆసుపత్రిలో నర్సు ఎదుట మీ చేతులతో చేసి చూపించాలి. ఆమె సరే అంటేనే సరే.” ఆ ప్రకారమే విద్యార్థులను ఇద్దరిద్దరిని పరీక్షకు తీసుకొని వెళ్ళే రోజుకు తోడుగా పట్టణము తీసుకొని వెళ్ళాము. మొదట పది నిమిషములు మాత్రమే ఇవ్వగలిగిన ఆ నర్సుగారే, వీరు నేర్చుకొని వచ్చారని చూచి, తన భోజనపు వేళలో నిలబడి, ఒక్కొక్కరి చేయి పట్టుకొని దిద్దారు. సగము నేర్చుకొని వచ్చినవారికి మిగిలిన సగము నేర్పడము సులువు. తెర మీది పాఠము చేసిన గొప్ప ఉపకారము ఇదే అని మాకు తోచింది. అది నర్సుకు బదులుగా రాలేదు. నర్సు యొక్క పది నిమిషములను వృథా కాకుండా చేసింది.

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను మన బాపట్ల తీరమునే తాకినది పాఠకులకు జ్ఞాపకమే. ఆ రాత్రి మా ఊరిలో కరెంటు లేదు. వరి చేలు నీటిలో పడుకున్నవి. రెండు గంటల వేళ ఫోను మ్రోగింది. “అన్నకు ఊపిరి అందడం లేదయ్యగారూ” అని చెల్లెలి కంఠము. మోకాటి లోతు నీళ్ళలో మేము ఇద్దరము ఆ ఇంటికి చేరేసరికి పావుగంట పట్టింది. త్రోవ పొడుగునా ప్రార్థిస్తూనే ఉన్నాము, అక్టోబరు ఆదివారము కళ్ళ ముందు కనబడుతూనే ఉన్నది.

తలుపు తీసి ఉన్నది. తల్లి టార్చిలైటు పట్టుకొని నిలబడి ఉన్నది. ఆమె చేయి వణకడము లేదు. బిడ్డ దిండ్లకు ఆనుకొని నెమ్మదిగా ఊపిరి తీస్తున్నాడు. చెల్లెలు మూలన కూర్చొని, కాచి చల్లార్చిన నీటితో లోపలి గొట్టమును చిన్న బ్రష్షుతో తోముతున్నది. గింజంత గట్టి కఫపు ముద్ద పళ్ళెములో ఉన్నది. మాకు ఫోను పెట్టివేసిన వెంటనే లోపలి గొట్టము తీసివేసిందట, ఊపిరి ఆడిందట, వేరొక లోపలి గొట్టము పెట్టిందట, కాలి సక్షన్‌ను తల్లి త్రొక్కితే మిగిలినది లాగిందట. మేము చేయవలసినది ఏమీ మిగలలేదు. “టీ పెట్టమంటారా అమ్మగారూ?” అన్నది ఆ తల్లి.

ఆ ఇంటిలో ఆ రాత్రి మేము పెద్ద శబ్దముతో ప్రార్థించలేదు. స్తోత్రము మాత్రము చెప్పి కూర్చున్నాము. నిర్గమకాండములో బెసలేలునకు దేవుడు తన ఆత్మను ఇచ్చినది చేతిపని కొరకని చదువుతాము. బంగారపు పని, వెండి పని, చెక్కుడు పని నేర్పిన ఆ ఆత్మయే ఒక కూలిమనిషికి, ఒక విద్యార్థినికి ఊపిరి దారి శుభ్రపరచు పని నేర్పించాడని మేము నమ్ముతున్నాము. నేర్చుకొనుట అవిశ్వాసము కాదు. మన మిషనరీలు దీనిని మన కంటె ముందే ఎరుగుదురు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారు బైబిలుతో పాటు వైద్యము పట్టుకొని వచ్చారు. వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ గారు 1900లో ఒక్క మంచముతో మొదలుపెట్టి, 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్యవిద్య ప్రారంభించారు. తాము ఒక్కరే చేసి సరిపెట్టుకోలేదు, ఇతరుల చేతులకు నేర్పించారు. ఆ నేర్పించే పనియే నేడు ఫోను ద్వారా పల్లె గుడిసెకు వచ్చింది.

ఈ తరగతి వలన కలిగిన మరొక మేలు వ్రాయకపోతే అన్యాయము. అంతవరకు ఆ చెల్లెలు రాత్రింబవళ్ళు మంచము దగ్గరనే ఉండేది. కాలేజీ మానివేసింది. “ఎలా ఉన్నాడమ్మా మీ అన్నయ్య?” అని మేమందరము అడిగేవారమే గాని, “నీవు నిద్రపోయావా తల్లీ?” అని ఒక్కరమూ అడగలేదు. ఏడుగురికి పని తెలిసిన తరువాత వంతులు వేసుకున్నాము. 2024 జనవరిలో ఆమె తిరిగి కాలేజీకి వెళ్ళింది. బస్సు ఎక్కేటప్పుడు రెండుసార్లు వెనుకకు తిరిగి చూచింది. రోగి కొరకు ప్రార్థించే సంఘము, రోగిని చూచుకొనేవారి కొరకు ప్రార్థించడమే కాదు, వారి వంతు మోయాలి.

మాట సంగతి కూడ చెప్పాలి. మెడ గొట్టము స్వరతంతువులకు క్రిందుగా ఉంటుంది కాబట్టి ఊపిరి వాటిని తాకకుండా బయటకు పోతుంది. అందుకే మాట రాదు. మాట రానంత మాత్రాన మనస్సు లేదని కాదు. మా వాళ్ళు అతని ఎదుటనే అతనిని గూర్చి, లేనివానిని గూర్చి మాట్లాడినట్లు మాట్లాడేవారు. దేవాలయములో మూగవాడైన జెకర్యా పలక అడిగి వ్రాసినట్లు, అతనికీ ఒక పలక ఇచ్చాము. ఎడమ చేతితో వంకర టింకర అక్షరములు. మొదట వ్రాసినది, “కిటికీ తియ్యండి” అని. ఎన్ని దినముల నుండి గాలి కావాలని ఉన్నదో!

1980లలో అమెరికాలో డేవిడ్ మ్యూర్ అనే యువకుడు కండరాల క్షీణత వ్యాధితో మెడ గొట్టము మీద, వెంటిలేటరు మీద జీవిస్తూ, మాట పోగొట్టుకొని, తానే ఆలోచించి ఒక చిన్న మూత కనిపెట్టాడు. గాలి గొట్టము ద్వారా లోపలికి వస్తుంది, మూత మూసుకుంటుంది, బయటకు పోయే గాలి పైకి వెళ్ళి స్వరతంతువులను తాకుతుంది. ఆ విధమైన మూతను 2024 ఫిబ్రవరిలో పట్టణపు ఆసుపత్రిలో డాక్టరుగారు, మాట నేర్పే చికిత్సకురాలు కలిసి అతనికి పెట్టి చూచారు. పెట్టేముందు కఫ్‌లోని గాలి పూర్తిగా తీసివేశారు. కఫ్ నిండి ఉండగా ఆ మూత పెడితే పీల్చిన గాలి బయటకు పోవడానికి దారే ఉండదు, ప్రాణము పోవచ్చును. కఫమో కఫ్పో తెలియని మేము, ఆ రోజు ఆ మాట ఎంత విలువైనదో గ్రహించాము. మూత పెట్టిన తరువాత అతడు కొంచెము దగ్గి, బొంగురు గొంతుతో తల్లి వైపు తిరిగి, “నా బండేది?” అన్నాడు. “అమ్మేశాం నాయనా” అని ఆమె నవ్వుతూ ఏడ్చింది.

ప్రియ పాఠకులారా, మీ సంఘములో ఇట్టి బిడ్డ ఉండవచ్చును. ప్రమాదము వలన కావచ్చు, గొంతు క్యాన్సరు వలన కావచ్చు, నరముల జబ్బు వలన కావచ్చు. దయచేసి మా తప్పు నుండి నేర్చుకోండి. ఇంటికి పంపకముందే కనీసము ఇద్దరు, నర్సు ఎదుట తమ చేతులతో చేసి నేర్చుకోవాలి. అర్థము కాని మాటను మరల అడగడానికి సిగ్గుపడకండి. తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటించండి. ఇంటర్నెట్టులో చూచేటప్పుడు ఆసుపత్రులు, వైద్య సంస్థలు ఉంచిన పాఠములనే చూడండి, చిట్కాలు చెప్పేవారిని నమ్మకండి. ప్రతి రోగి గొట్టము ఒకటి కాదు కనుక మీ డాక్టరుగారి మాటే కడపటి మాట. ఊపిరి ఇబ్బంది వస్తే 108కి ఫోను చేయండి, వచ్చేలోగా నేర్చుకున్నది చేయండి. పరామర్శకు వెళ్ళే కాపరులారా, ఇద్దరు ముగ్గురు మించి లోపలికి వెళ్ళకండి. నూనె మెడకు రాయకండి. మ్రింగవచ్చునని డాక్టరు చెప్పనిదే రొట్టె గాని రసము గాని నోట పెట్టకండి. ఆయన కృప మన పళ్ళెమునకు కట్టుబడి లేదు.

ఇది వ్రాసేనాటికి అతనికి చెంచాతో చిక్కని రాగిజావ మాత్రము ఇవ్వవచ్చునన్నారు. రొట్టెకు ఇంకా అనుమతి లేదు. మేము తొందరపడడము లేదు. ప్రతి నెల మొదటి ఆదివారము చక్రాల కుర్చీలో మందిరమునకు వస్తాడు. వరుసలో అతని యొద్దకు వచ్చినప్పుడు రొట్టె ముక్కను అతని ఎడమ చేతిలో పెడతాము. కొంతసేపు పట్టుకొని, కన్నులు మూసుకొని, ప్రక్కన మోకరించిన తల్లి చేతికి అందిస్తాడు. ఆమె దానిని తింటుంది. ఆ వేళ మా సంఘములో ఎవరి కన్నులూ పొడిగా ఉండవు.

ఊపిరి ఊదిన దేవుడు, దానిని కాపాడే చేతులకు నేర్పును దయచేయును గాక. ఆమేన్.